విడిపోతున్నారా? సంతకానికి ముందే సలహా తీసుకోండి

భార్యాభర్తలు ఇక కలిసి ఉండలేమనుకున్నాక మన దగ్గర మామూలుగా నడిచే వరస ఒకటుంది. ముందు రెండు వైపుల పెద్దలూ ఫోన్లలో మాట్లాడుకుంటారు. తర్వాత పెద్దమనుషులు కూర్చుంటారు. అక్కడ ఒక కాగితం రాయిస్తారు. ఏడాదో రెండేళ్లో గడిచి, ఏదో చిక్కు వచ్చిపడ్డాక, ఆ కాగితం మడతలు విప్పుకుంటూ లాయరు ముందు కూర్చుంటారు. ఈ వరసలో లాయరు చివర్లో రావడమే చాలామంది కొంప ముంచుతోందని నా నమ్మకం.

ఆ కాగితాన్నే కాస్త దగ్గరగా చూద్దాం. స్టాంపు పేపరు మీద టైపు చేసి ఉంటుంది. 'మా మధ్య మనస్పర్థలు వచ్చినందున పెద్దల సమక్షంలో, ఎవరి బలవంతమూ లేకుండా, పరస్పర అంగీకారంతో నేటి నుంచి విడివిడిగా జీవించుటకు నిర్ణయించుకున్నాము. ఇకపై ఒకరిపై ఒకరికి ఎలాంటి హక్కులు లేవు. భవిష్యత్తులో కోర్టు కేసులు వేసుకోము. ఎవరికి నచ్చిన వారిని వారు వివాహము చేసుకొనవచ్చును.' కింద ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు, నోటరీ గుండ్రటి ముద్ర. సంతకం పెట్టినవాళ్లు విడాకులు అయిపోయాయనే అనుకుంటారు.

కాలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం వర్తించే పెళ్లిని రద్దు చేయాల్సింది కోర్టే. కులాచారం ప్రకారం విడాకులు తీసుకునే పద్ధతి ఉంటే సెక్షన్ 29 దాన్ని గుర్తిస్తుంది. కానీ ఆ ఆచారం తమలో ఎప్పటి నుంచో ఉందని సాక్ష్యాలతో రుజువు చేసుకోవాల్సిన భారం, అది ఉందన్నవాళ్లదే. చేయలేకపోతే ఆ కాగితాన్ని నమ్మి చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. పైగా అది ఐపీసీ స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం. ఏమీ తెలియకుండా రెండో భార్యగా వచ్చిన అమ్మాయి గతి ఏమిటో ఆ కాగితం రాయించినవాళ్లు ఆలోచించరు.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది అందులోని ఒక్క ముక్క: 'పరస్పర అంగీకారంతో విడివిడిగా'. మర్యాద కోసం రాసే మాటలా కనిపిస్తుంది. కానీ భార్యకు మనోవర్తి, అంటే భరణం, ఇచ్చే పాత నేర విచారణ స్మృతి (సీఆర్పీసీ) సెక్షన్ 125లో, 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144లో, ఒక మినహాయింపు ఉంది. ఇద్దరూ ఇష్టపడి విడిగా ఉంటున్నట్టయితే భార్యకు ఆ సెక్షన్ కింద మనోవర్తి రాదు. అంటే ఆ కాగితం ఆమెకు విడాకులు ఇవ్వదు, మనోవర్తికి మాత్రం అడ్డుపడుతుంది. రేపు కేసు వేస్తే అవతలి లాయరు మొదట బయటికి తీసేది దాన్నే. భయపెట్టి సంతకం చేయించారనో, కొట్టి పంపేస్తే గతిలేక చేశాననో ఆమె రుజువు చేసుకోవాలి. సంతకానికి ముందు ఎవరైనా అడ్వొకేట్‌కు పది నిమిషాలు చూపించి ఉంటే ఆ వాక్యం దగ్గరే ఆపేవారు.

రెండో నష్టం కాలంతో వస్తుంది. మనోవర్తిని దరఖాస్తు చేసిన తేదీ నుంచి లెక్కగట్టాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇద్దరూ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలని కూడా అదే తీర్పులో చెప్పింది. పుట్టింట్లో 'చూద్దాంలే, ఆయనే దిగొస్తాడు' అనుకుంటూ గడిపిన నెలలు ఆ లెక్కలోకి రావు. ఆ నెలల్లోనే అవతల జాయింట్ ఖాతా ఖాళీ అయిపోవచ్చు, స్థలం ఇంకొకరి పేరు మీదికి మారిపోవచ్చు.

ఆస్తి విషయంలోనూ అపోహలు తక్కువేం కాదు. పెళ్లయ్యాక కొన్న ఇల్లు విడిపోతే చెరిసగం వస్తుందనుకుంటారు. గోవా సంగతి వేరు. మన తెలుగు రాష్ట్రాల్లో వర్తించే చట్టంలో అలాంటి నియమం లేదు. ముందు చూసేది దస్తావేజు ఎవరి పేరున ఉందన్నదే. తన జీతం లోన్ వాయిదాలకే వెళ్లిందని చెప్పే భార్య బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపించాలి. పుట్టింటివారు పెట్టిన నగలు మాత్రం స్త్రీధనం, అవి ఆమెవే. భర్తకైనా అత్తింటికైనా దాచమని ఇచ్చినంత మాత్రాన వాళ్ల సొంతం కావని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఏ నగ ఎప్పుడు ఎవరు పెట్టారో రాసుకున్న జాబితా, పెళ్లి ఫొటోలు, రసీదులు ఇల్లు వదిలే ముందే చేతిలో ఉండాలి. తర్వాత వెళ్లి అడిగితే తలుపు తీయరు.

'లాయరు దగ్గరికి వెళ్లిందంటే కాపురం తెంచుకోవడానికే' అన్న మాట దగ్గర చాలామంది ఆడవాళ్లు ఆగిపోతారు. సలహా అడగడం వేరు, కేసు వేయడం వేరు. మీరు అడ్వొకేట్‌కు చెప్పింది మీ అనుమతి లేకుండా ఆయన బయటపెట్టకూడదని సాక్ష్య చట్టమే అంటుంది. కోర్టుకు వెళ్లినా, వీలుంటే రాజీ కుదిర్చే ప్రయత్నం చేయాల్సిన బాధ్యత 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం కోర్టు మీదే ఉంది. మళ్లీ కలవాలనుకునేవారికీ తమ హక్కులేమిటో తెలిసి ఉంటే, ఏ షరతు మీద కలవాలో అడిగే ధైర్యం వస్తుంది.

ఇద్దరూ ఒప్పుకుని విడిపోయేటప్పుడు 'ఖర్చెందుకు, ఒకే లాయరు చాలు' అనుకోవడం ఇంకో పొరపాటు. పరస్పర అంగీకారపు విడాకులకు హిందూ వివాహ చట్టం సెక్షన్ 13-బి కింద ఏడాదిగా విడిగా ఉండి ఉండాలి. ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తలుగా బతకకపోతే అదీ విడిగా ఉన్నట్టేనని 1991లో సుప్రీంకోర్టు అంది. కోర్టు విడాకుల ఉత్తర్వు (డిక్రీ) వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకుని అంగీకారం వెనక్కి తీసుకోవచ్చనీ అదే తీర్పు చెప్పింది. పిటిషన్ వేశాక, ఇద్దరూ రెండోసారి కోర్టు ముందుకొచ్చి విడాకులు కోరడానికి ముందు ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కేసుల్లో మాఫీ చేయొచ్చని 2017లో మరో తీర్పు వచ్చింది. మరి డబ్బు ఎప్పుడు చేతులు మారాలి? మొదటి సంతకం నాడే మొత్తం ఇచ్చేసిన భర్తా నష్టపోవచ్చు, చివరి రోజు ఇస్తారని నమ్మి సంతకం పెట్టిన భార్యా నష్టపోవచ్చు. ఇక్కడ ఇద్దరి ప్రయోజనమూ ఒకటి కాదు. ఒక మనిషి ఇద్దరి తరఫునా ఆలోచించలేడు.

మగవాళ్లకూ ఇదే చెబుతాను. వేధింపుల ఫిర్యాదు వచ్చిందనగానే కంగారుపడి ఫోన్లు ఆపేసి ఊరు వదిలేవాళ్లున్నారు. ఇలాంటి కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయరాదని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు వస్తే హాజరై జవాబివ్వడమే దారి. విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి కోర్టు డిక్రీతో పని అయిపోయిందనుకుంటారు. తిరుపతిలో 1975లో పెళ్లయిన ఒక జంట కేసులో, అమెరికాలోని మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులను 1991లో సుప్రీంకోర్టు గుర్తించలేదు. ఇక ఆడవాళ్ల విషయానికొస్తే, పెళ్లి చేసుకోకుండా కలిసి ఉన్న మహిళకు కూడా, ఆ బంధం వివాహం లాంటిదైతే, 2005 గృహహింస చట్టం రక్షణ ఇస్తుంది. ముస్లిం మహిళ విడాకుల తర్వాత కూడా సెక్షన్ 125 కింద మనోవర్తి అడగవచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే.

ఫీజు ఇచ్చుకోలేమన్న భయం నిజమైనదే. దానికి జవాబు 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టంలో ఉంది. సెక్షన్ 12 ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. ఉద్యోగం చేస్తున్నా సరే. సాధారణంగా జిల్లా కోర్టు ప్రాంగణంలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

పెద్దలంతా చుట్టూ కూర్చుని 'ఇక్కడ సంతకం పెట్టమ్మా' అన్నప్పుడు కాదనడం కష్టం. కాదనక్కర్లేదు. 'చదువుకుని రేపు చెబుతాను బాబాయ్' అని, ఆ కాగితాన్ని ఫొటో తీసుకుని, పెళ్లి ఫొటో, ఆధార్, బ్యాంకు పుస్తకం సంచిలో పెట్టుకుని, తెల్లారి ఆ కార్యాలయానికి వెళ్లండి.