టార్ ఉల్లిపాయ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ టార్ ఉల్లిపాయ గారి సముఖమునకు,

ఇంటర్నెట్‌లో ఎవరు ఏం చూస్తున్నారో ఎవరికీ తెలియకుండా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ మీరు. అలాంటి మిమ్మల్ని దొంగల ఇంట పుట్టిన బిడ్డగా చెప్పుకునేవారే ఎక్కువ కనుక, మీ పుట్టుపూర్వోత్తరాలతోనే మొదలుపెడతాను. 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో, సర్కారు జీతం తీసుకునే శాస్త్రవేత్తల చేతుల్లో మీ ఆలోచన పురుడు పోసుకుంది. అయితే నౌకాదళం వారు మాత్రమే తొడుక్కునే ముసుగు ముసుగు కాదు, యూనిఫారం. దాన్ని చూడగానే లోపలున్నది ఎవరో తెలిసిపోతుంది. గూఢచారి దాక్కోవాలంటే ముందు జనం కావాలి గనుక 2000ల మొదట్లో మిమ్మల్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా అందరికీ వదిలారు. తీరా జనం వచ్చాక, ఇంతమంది ఎందుకొచ్చారని గగ్గోలు పెట్టింది కూడా ప్రభుత్వాలే. 2013లో బయటపడిన అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ రహస్య పత్రాల్లో ఒకదాని శీర్షికను తెలుగులో చెప్పాలంటే ‘టార్ కంపు కొడుతోంది’ అనాలి. 2019లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ మీ పొరల్లోనే సొంత సైటు తెరిచింది. ముక్కు అలవాటు పడినట్టుంది.

మీ పనితీరు మాత్రం నాకు ముచ్చటగా ఉంటుంది. సందేశాన్ని ఉల్లిపాయలా పొరలు పొరలుగా రహస్యలిపిలో చుట్టి, రిలేలనే మూడు కంప్యూటర్ల చేతులు మార్చి పంపుతారు. మొదటి రిలేకు పంపినదెవరో తెలుసు, ఎక్కడికో తెలియదు. నడిమిదానికి ఆ రెండూ తెలియవు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరు పంపారో తెలియదు. ఎవరికీ పూర్తి సంగతి తెలియకుండా ఫైలు నడపడం ఏ ప్రభుత్వ కార్యాలయానికైనా వెన్నతో పెట్టిన విద్యే గాని, మీరు దాన్ని కావాలని చేస్తారు.

మీ నీడన సిల్క్ రోడ్ అనే మత్తుమందుల సంత రెండేళ్లకు పైగా నడిచిన మాట నిజమే, అందుకు మీకు రావలసిన తిట్లు వచ్చాయి. కానీ పత్రికలకు రుజువులు చేరవేసే ఆకాశరామన్నలు, నిషేధమున్న దేశాల్లో బీబీసీ చదువుకునేవారు, విడిచివచ్చిన భర్తకు ఆచూకీ తెలియకుండా న్యాయసలహా వెతుక్కునే స్త్రీలు కూడా అదే నీడన ఉన్నారు. వారి గురించి ఎవరూ రాయరు, ఎందుకంటే పట్టుబడనివారికి వార్త ఉండదు.

పట్టుబడినవారి తెలివి చూడండి. 2013 డిసెంబరులో హార్వర్డ్ విద్యార్థి ఒకడు పరీక్ష తప్పించుకోవడానికి మీ ద్వారా బాంబు బెదిరింపు ఈమెయిళ్లు పంపాడు. పోలీసులు మీ పొర ఒక్కటి కూడా ఒలవలేదు. ఆ వేళ విశ్వవిద్యాలయ వైఫైలోంచి మీ గుమ్మం తొక్కిందెవరని ఆరా తీశారు, అంతే. గుంపులో గోవిందా అనడానికి కూడా చుట్టూ గుంపు ఉండాలి కదా!

అందుకే ఈ పూట నేను పనిగట్టుకుని మీ ద్వారా వాతావరణ సూచన చూశాను. పేజీ నత్తనడకన వచ్చి, చివరి రిలే ఎక్కడ ఉందో గాని, జర్మన్‌లో తెరుచుకుంది. నేను మనిషినేనని రుజువు చేసుకోవడానికి ట్రాఫిక్ లైట్ల బొమ్మలను రెండుసార్లు ఎంచవలసి వచ్చింది. వాన వస్తుందో రాదో ఇప్పటికీ అర్థం కాలేదు గాని, ఎక్కడో ఒక ఆకాశరామన్న పక్కన నిలబడే జనంలో నేనొకణ్ణి అయ్యాను.

ఇట్లు,
గుంపులో గోవిందయ్య