ఏనుగెక్కిన చిరుత

సఫారీ ఫోటోలు చూపిస్తాం రమ్మంటే చుట్టాలు వచ్చేది సింహాల కోసం కాదు, మిరపకాయ బజ్జీల కోసం. ఆ సంగతి తెలిసి కూడా, దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కు చూసొచ్చిన ఒకాయన నిన్న సాయంత్రం హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టాడు. పేరు వద్దు, ఫోటోలాయన అనుకుందాం. పరువుకి తగిలిన దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. పైగా ఆయనా మెడలో కెమెరా వేసుకుని తిరిగే మన జాతివాడే. ఆయన్ని చూసి నవ్వితే మనల్ని మనం నవ్వుకున్నట్టే.

పెన్‌డ్రైవ్ టీవీకి తగిలించాడు. చూపించడానికి ఫైళ్లేమీ లేవంది టీవీ. మూడు వేల ఫోటోలు కడుపులో పెట్టుకుని ఏమీ లేవనడమేమిటంటే, అవన్నీ 'రా' ఫైళ్లు, అంటే కెమెరా దాచిపెట్టే ముడిసరుకు. ఒక్కోటీ ముప్ఫై మెగాబైట్లు. కంప్యూటర్లో తెరిచి జేపెగ్‌గా మార్చి ఇస్తే తప్ప మామూలు టీవీ వాటి మొహం కూడా చూడదు. మూడు వేలల్లోంచి నలభై ఏరుకుని మార్చుకోవడం ఒక పూట పని. ఆ పూట ఎప్పుడూ రేపే ఉంటుంది మన జాతికి.

"ఫోన్లోంచి కొట్టెయ్యండి అన్నయ్యా" అన్నారు తోడల్లుడుగారు, రిమోట్ అప్పటికే చేతిలోకి తీసేసుకుని. ఏ ఇంటికెళ్లినా రిమోట్ మీద సర్వహక్కులూ తోడల్లుడివే, ఇది ఏ రాజ్యాంగంలో రాసుందో తెలీదు.

ఫోన్లో ఫోటోలు రెండు రకాలు. ఫోన్‌తోనే తీసినవి కొన్ని, కెమెరాలోంచి వైఫై మీద దింపుకున్నవి కొన్ని. అన్నీ తీసిన సమయాన్ని బట్టి వరసలో వస్తాయి. అక్కడే వచ్చింది తంటా. దక్షిణాఫ్రికా గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. జొహానెస్‌బర్గ్‌లో దిగి నెట్‌వర్క్ తగలగానే ఫోన్ తనంతట తనే సర్దుకుంటుంది. కెమెరా సర్దుకోదు, మెనూలోకి వెళ్లి టైమ్ జోన్ మార్చేదాకా హైదరాబాద్‌లోనే ఉంటుంది. కాబట్టి పొద్దున్న ఏడు గంటలకి సతారా క్యాంపు దగ్గర కెమెరాతో తీసిన సింహాలు పదిన్నరకి తీసినట్టు నమోదయ్యాయి. పదిన్నరకి ట్షొక్వానే పిక్నిక్ స్థలంలో ఫోన్‌తో తీసింది పులిహోర డబ్బా. టీవీలో ఏమొచ్చిందంటే, అడవిదున్న పక్కటెముకలు పీకుతున్న ఆడసింహం, పులిహోర, మూతి నిండా నెత్తురుతో ఇంకో ఆడసింహం, పులిహోరలో చెంచా, పేగులు. పిన్నిగారు చేతిలో బజ్జీ పళ్లెంలో పెట్టేసి మంచినీళ్లడిగారు. తర్వాత క్యాంపులో రాత్రి ఏడింటికి నెగళ్లు వెలిగాయి, ఆ తర్వాత పొద్దు గుంకింది.

దీనికి మందు చాలా చిన్నది. ఊరు దాటగానే కెమెరాతో ఒకసారి ఫోన్ గడియారాన్ని ఫోటో తీసి పెట్టుకోవాలి. రెంటికీ తేడా ఎంతో ఆ ఒక్క ఫోటో చెప్పేస్తుంది. ఇంటికొచ్చాక కెమెరా ఫోటోలన్నీ ఒకేసారి ఎంచుకుని, తీసిన సమయాన్ని ఆ మేరకి వెనక్కి జరిపితే సరి. ఐదు నిమిషాలు పట్టదు. ఇవన్నీ బజ్జీలు వేగకముందు గుర్తుకు రావాలి, అంతే.

ఇహ చిరుతపులి.

స్కుకూజా క్యాంపు నుంచి లోయర్ సబీ క్యాంపుకి వెళ్లే రోడ్డు సబీ నది పక్కనే సాగుతుంది. పార్కంతటిలో చిరుత కనిపించడానికి పేరుమోసిన రోడ్డది. చిరుతని ఎవరూ స్వయంగా కనిపెట్టరు, ఆగిన కార్లని కనిపెడతారు. ఒక కారు ఆగితే పక్షి, మూడాగితే ఏనుగు, రోడ్డు మూసుకుపోయి ఎవడికీ ముందుకీ వెనక్కీ దారి లేకపోతే చిరుత. కారు దిగకూడదు. ఇంజను ఆపెయ్యాలి, ఆ వణుకు నాలుగొందల మిల్లీమీటర్ల లెన్సులో భూకంపమంత అవుతుంది. కిటికీ అద్దం పూర్తిగా దించి, అంచు మీద బియ్యమో చిక్కుడు గింజలో నింపిన గుడ్డసంచి వేసి, లెన్సు దాని మీద ఆనించాలి. (సంచి ఇక్కణ్ణుంచి ఖాళీగా పట్టుకెళ్లి గింజలు అక్కడ కొనుక్కోవాలి. విమానంలో లగేజీ తూకం అప్పుడు మన బియ్యం బరువు మీద వాదన ఉండదు.) ఫోకస్ ఒకే బిందువు మీద పెట్టాలి. కెమెరా ఇష్టానికి వదిలేస్తే ముందున్న రెమ్మని ముద్దుగా పట్టుకుని వెనకున్న జంతువుని మబ్బు చేస్తుంది.

ఇవన్నీ ఫోటోలాయన చక్కగానే చేశాడు. అందులో వంక లేదు. మేడి జాతికి చెందిన పెద్ద చెట్టు, దాని కొమ్మ మీద చిరుత, ఆకుల సందులోంచి ఒక చెవీ, ఒక భుజం, కిందికి వేలాడుతున్న తోక. కెమెరాలో ఆ ఫోటో ఆరు వేల పిక్సెళ్ల వెడల్పు. కానీ ఫోన్లోకి దింపే ఆప్, అడక్కపోతే, రెండు మెగాపిక్సెళ్ల బుజ్జి నకలు మాత్రమే పంపే రకం. ఆరు వేలు కాస్తా 1,620 అయింది. చిరుత కనిపించే ముక్క అసలు ఫోటోలో రెండొందల పిక్సెళ్లుంటే ఇందులో యాభై నాలుగు. దాన్ని అరవై అయిదంగుళాల తెర మీదికి సాగదీశారు. ఉప్మాలో ఆవగింజంత మిగిలింది.

"ఏదీ?" అన్నారు అందరూ.

"చెట్టు మీద."

"చెట్టు కనిపిస్తోంది. మీదేదీ?"

ఇక్కడ జనం రెండు పార్టీలయ్యారు. కుడివైపు సోఫా వాళ్లకి మూడు చిరుతలు దొరికాయి, అందులో రెండు ఎండుటాకులు, ఒకటి చీకటి. ఎడమవైపు సోఫా వాళ్లు చిరుతే లేదని, జనాన్ని పిలిచి చెట్టు చూపించాడని తేల్చారు. అలవాటున్న గైడు ఇలాంటప్పుడు చెట్టులో జంతువుని వెతకడు. కొమ్మలు పైకీ పక్కలకీ పోతాయి. నిట్టనిలువుగా కిందికి వేలాడేదేమైనా ఉందా అని చూస్తాడు. ఉంటే అది తోక కావాలి. (సాసేజ్ చెట్టుకి ఈ సూత్రం పనికిరాదు, దాని కాయలు రోకళ్లలా వేలాడి మనిషిని పిచ్చివాణ్ణి చేస్తాయి.) ఈ సూత్రం ఫోటోలాయన చెప్పబోయాడు. చెప్పేలోపు పెదనాన్నగారు లేచారు.

పెదనాన్నగారు రిటైర్డ్ సర్వేయరు. దేన్నయినా దగ్గరకెళ్లి, వేలు పెట్టి చూపించందే నమ్మరు, నమ్మించరు. కుడిచేతిలో బజ్జీ ఎడమచేతిలోకి మార్చుకున్నారు. తెర ముందు నిలబడ్డారు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, చెట్టుని మొదట్నుంచి చివరిదాకా సర్వే చేసి, కొమ్మ రెండుగా చీలిన చోట చూపుడువేలు ఆనించి, "ఇదిగో" అని అటూ ఇటూ కాస్త రుద్ది మరీ చూపించి, పక్కకి జరిగారు.

జరిగాక అక్కడ నిజంగానే ఒకటి కనిపించింది.

అంగుళంన్నర పొడవు, పసుపురంగు, ఒంటి నిండా మచ్చలు. హాలంతా "ఆఁ" అంది. ఎడమ సోఫా ఓటమి ఒప్పుకుంది. పిన్నిగారు బజ్జీ మళ్లీ తీసుకున్నారు. ఫోటోలాయన ఒక్కడే తెరకేసి వింతగా చూస్తున్నాడు, ఎందుకంటే ఆయన చిరుత అక్కడ లేదు, రెండు జానల దూరంలో కుడివైపు కింద ఉంది.

అది బజ్జీ నూనె. ఇందులో మాయేమీ లేదు. టీవీ తెర మీద ప్రతి పిక్సెల్‌లోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు మూడుంటాయి, మామూలుగా కంటికి విడివిడిగా ఆనవు. వాటి మీద సన్నటి నూనె బొట్టు పడితే అది చిన్న భూతద్దమై ఆ గళ్లని పెద్దవి చేసి చూపిస్తుంది. వేలితో రుద్దితే బొట్లు బొట్లుగా విడిపోయి చుక్కలుచుక్కలుగా మెరుస్తుంది. చెట్టు బెరడు రంగు మీద పసుపు మరక, మరక మీద చుక్కలు. ఫోటోలాయన లెన్సు కంటే పెదనాన్నగారి వేలు ఆ సాయంత్రం మెరుగైన చిరుతని తీసిందంటే ఒప్పుకోక తప్పదు.

"కళ్లు చూశావుటే, ఎలా చూస్తోందో!" అన్నారు అత్తయ్యగారు.

తోడల్లుడుగారు రిమోట్ నొక్కారు. తర్వాత ఫోటో లోయర్ సబీ దగ్గర ఏనుగుల గుంపు. చెట్టు పోయింది, నది పోయింది. చిరుత మాత్రం ఉన్నచోటే ఉంది, ఇప్పుడు గుంపుని నడిపించే ముసలి ఆడ ఏనుగు వీపు మీద.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. ఆరేళ్ల పిల్ల అంది: "చిరుత ఏనుగెక్కింది."

"మరి? అడవంటే ఏమనుకున్నావు" అన్నారు అత్తయ్యగారు.

తర్వాత ఫోటోలో జిరాఫీ మెడ మీదికి ఎక్కింది. ఆ తర్వాత సన్‌సెట్ డ్యామ్‌లో నీటిగుర్రం ముక్కు మీద కూర్చుంది. క్రూగర్‌లో లక్షకు పైగా ఉండే ఇంపాలా జింకల్లో ఒకదాని పిరుదుల మీద నల్లచారల మధ్య సర్దుకుంది. పులిహోర ఇంకోసారి వస్తే (గడియారం పుణ్యమా అని వచ్చింది) అందులోనూ ఉంది. అప్పుడు తోడల్లుడుగారికి జ్ఞానోదయమై, కిటికీ అద్దాలు తుడిచే స్ప్రే పట్టుకొచ్చారు. ఫోటోలాయన గట్టిగా అరిచిన అరుపు అదొక్కటే. ఆ స్ప్రేల్లో ఉండే అమ్మోనియా, ఆల్కహాల్ తెర మీది పూత లేపేస్తాయి. టీవీ ఆపి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లిగా తుడవాలి, వదలకపోతే గుడ్డకి నీళ్ల తడి తగిలించాలి, తెరకి కాదు. తుడిచారు. చిరుత అంతరించింది. తర్వాత ఎన్ని ఫోటోలు చూపించినా హాల్లో ఉత్సాహం లేదు.

"ఇంతకీ పులి కనిపించలేదా?" అన్నారు పెదనాన్నగారు. ఆఫ్రికా అడవుల్లో పులులుండవని ఫోటోలాయన చెప్పాడు. అంత డబ్బు పోసి పులి లేని చోటికి ఎందుకెళ్లినట్టని పెదనాన్నగారి అభ్యంతరం. దానికి జవాబు లేదు. పిన్నిగారి అబ్బాయి, సింహాలు దున్నపిల్లని పట్టుకుంటే మొసలి వచ్చి లాగడం, దున్నలమంద తిరగబడి విడిపించుకోవడం యూట్యూబ్‌లో చూశాడట, అలాంటిది తీయలేదా అన్నాడు. అది 2004లో ఇదే క్రూగర్‌లో ట్రాన్స్‌పోర్ట్ డ్యామ్ దగ్గర ఒక పర్యాటకుడికి దొరికింది. మళ్లీ మళ్లీ దొరికేది కాదు. అయినా ప్రతి ఫోటోలాయన్నీ ప్రతి హాల్లోనూ ఎవరో ఒకరు దాని గురించి అడుగుతారు, ఆయన ఏదో ఎగ్గొట్టి వచ్చినట్టు.

వెళ్లే ముందు పెదనాన్నగారు ఖడ్గమృగం ఫోటో ఒకటి పంపమన్నారు. "క్లియర్‌గా రావాలిరా, డాక్యుమెంట్‌గా పెట్టు." తోడల్లుడుగారు నేర్పిన విద్య. ఫోటోగా పంపితే వాట్సాప్ నలిపేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు పోతుంది, నిజమే. సాయంత్రమంతా పిక్సెళ్ల చేతిలో దెబ్బతిన్న ఫోటోలాయన ఆవేశంగా అలాగే పంపేశాడు. ఉన్నదున్నట్టంటే ఫోన్ రాసిపెట్టిన జీపీఎస్ స్థానంతో సహా. క్రూగర్ క్యాంపుల్లో ఏ జంతువు ఎక్కడ కనిపించిందో గోడ మ్యాప్ మీద రంగు బిళ్లలతో గుర్తు పెడతారు, ఖడ్గమృగానికి మాత్రం బిళ్ల పెట్టరు. కొమ్ము కోసం చంపేవాళ్లు కూడా ఆ మ్యాప్ చూస్తారు. 2014లో ఒక్క దక్షిణాఫ్రికాలోనే వేటగాళ్ల చేతిలో 1,215 పోయాయి. మామూలు ఫోటోగా నలిపి పంపితే వాట్సాప్ ఆ స్థానాన్ని కూడా తీసేసి ఉండేది. లేదా ఐఫోన్‌లో షేర్ నొక్కాక పైనున్న ఆప్షన్స్‌లో లొకేషన్ ఆపుకోవచ్చు.

గుర్తొచ్చి అందరికీ డిలీట్ కొట్టేసరికి పెదనాన్నగారు లిఫ్టులో ఉన్నారు. అప్పటికే స్క్రీన్‌షాట్ తీసి, దాన్నే నాలుగు గ్రూపుల్లో పెట్టేశారు. స్క్రీన్‌షాట్‌లో జీపీఎస్ ఉండదు. ఖడ్గమృగం క్షేమం. నెత్తిన గులాబీ, కింద పెద్ద అక్షరాలతో 'శుభోదయం'. టైము రాత్రి ఎనిమిదిన్నర.