కర్త కనబడుట లేదు

పదో తరగతిలో మా ఇంగ్లిష్ మాస్టారు వాయిస్ చెప్పినన్నాళ్లూ రావణుడికి రోజూ రెండు చావులు. 'రామా కిల్డ్ రావణా' అని ఒకసారి, 'రావణా వాజ్ కిల్డ్ బై రామా' అని మరోసారి. కర్మ ముందుకు రావాలి, మధ్యలో 'వాజ్' దూరాలి, క్రియకు మూడో రూపం రావాలి, కర్త 'బై' చెయ్యి పట్టుకుని చివరికి పోవాలి. "కర్త ఎవరో తెలియకపోతే, చెప్పాల్సిన అవసరం లేకపోతే 'బై' ఎత్తేయొచ్చురా" అని మాస్టారు చివర్లో ఓ మాట అనేవారు. అది మేం చాయిస్‌లో వదిలేశాం. దేశాలు ఏలేవాళ్లు మాత్రం దాన్నే బట్టీ పట్టారు.

1876లో అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో 'మిస్టేక్స్ హావ్ బీన్ మేడ్' అన్నాడు. పాపం, ఒప్పుకుంటున్నాననీ అన్నాడు. ఆ వెంటనే సహాయకుల ఎంపిక దగ్గర పొరపాట్లు ఎక్కువ జరిగాయన్నాడు. 1987లో రీగన్, ఇరాన్‌కు ఆయుధాలు అమ్మిన గొడవ మీద మాట్లాడుతూ, పూర్తి బాధ్యత నాదేనని యాక్టివ్‌లో చెప్పి, 'సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్' అని పాసివ్‌లోకి జారుకున్నాడు. బాధ్యతకు కర్త ఉన్నాడు, తప్పులకు లేడు. నూటపదకొండేళ్లలో వ్యాకరణం ఇంత బాగా వంటబట్టిన దేశం మరొకటి ఉంటుందా?

మనమేం తీసిపోలేదు. 'అన్నం నాచేత తినబడినది' అని ఏ ఇంట్లోనూ అనరు గానీ, ఆఫీసు కాగితానికి మాత్రం 'డమైనది' ఉండాల్సిందే. 'మీ దరఖాస్తు తిరస్కరించడమైనది.' ఎవరు తిరస్కరించారు? కింద సంతకం ఉంటుంది, అది చదవడానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి.

అలాగని మన పాసివ్‌లో కర్త ఎప్పుడూ మాయమవుతాడనుకోకండి. ఊరి చివర శిలాఫలకం చూడండి. 'గౌరవనీయులైన ఫలానా వారి కరకమలములచే శంకుస్థాపన చేయబడినది.' అచ్చమైన కర్మణి ప్రయోగం! 'చే' ఉంది, 'బడు' ఉంది, కర్త పేరు మాత్రం రోడ్డు పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ఉంది. రెండు వానలు పడ్డాక ఆ రోడ్డు గురించి అడగండి. 'పాడైపోయిందండీ' అంటారు. కరకమలాల ఊసే ఉండదు. వేసేటప్పుడు రోడ్డుకు కర్తలు పదిమంది, పాడయ్యేటప్పుడు అది స్వయంగా పాడవుతుంది.

అసలు తెలుగువాడికి 'బై' అక్కర్లేదు, క్రియ మారిస్తే చాలు. పగలగొట్టానని ఎవడంటాడు? గ్లాసే పగులుతుంది. చొక్కాయే చిరుగుతుంది.

మొన్న మా ఇంట్లో పాలు పొంగిపోయాయి. మా ఆవిడ వచ్చి, "పొయ్యి దగ్గరుండి ఏం చేస్తున్నారు?" అంది. "ఫోన్ చూడబడుతోంది" అన్నాను.

తర్వాత పొయ్యి తుడవబడినది. ఎవరిచేతనో ఇక్కడ రాయడం అనవసరమని భావించడమైనది.