డ్యాష్‌బోర్డు వెనక హీటర్ గారికి

మహారాజశ్రీ హీటర్ గారికి, బెంగళూరు మారతహళ్లి నుంచి మీ వ్యాను యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం, ఎడమ సీటు ముందున్న కార్పెట్ తప్ప.

అసలు మీరు మా బండిలో ఉన్నారన్న సంగతే మర్చిపోయానండీ. పద్దెనిమిదేళ్ల పాత వ్యాను కొని, వెనక పరుపూ గ్యాస్ స్టవ్వూ పెట్టించి, దానికి క్యాంపర్ అని పేరు పెట్టుకుని నాలుగేళ్లయింది. ఇన్నాళ్లలో మీ నాబ్‌ని ఎర్రగీత వైపు తిప్పింది ఒక్కసారే, అదీ మావాడు ఆడుకుంటూ. ఈ ఊళ్లో మీతో పనేముంది? ఇక్కడ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. అప్పటికి కార్లే పుట్టలేదు.

ముందు వాసన వచ్చింది. తియ్యటి వాసన. మా ఆవిడ "నవమినాటి పానకం సీసా ఎక్కడైనా ఒలికిందేమో చూడండి" అంది. సీట్లన్నీ ఎత్తి చూశాను, లేదు. తర్వాత ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొర. తుడిచేకొద్దీ పులుముకుంటోంది. ఆ తర్వాత కార్పెట్ తడి. ఏసీ నీళ్లేలే అని సర్దిచెప్పుకున్నాను గానీ, ఏసీ నీళ్లకు రంగూ రుచీ ఉండవు కదా. టిష్యూ పేపర్ అద్దితే పచ్చగా వచ్చింది, వేళ్ల మధ్య నూనెలా జారింది. కూలెంట్! ఇంజన్‌ని చల్లబరిచి, ఆ వేడిని మీ దాకా మోసుకొచ్చే ద్రవం, మీలోంచే కారుతోంది. తియ్యగా ఉండేదే గానీ విషం. అపార్ట్‌మెంట్ కుక్క వ్యాను కిందికి మూతి పెడుతుంటే అదిలించి, రెండు బకెట్ల నీళ్లతో అక్కడంతా కడిగాను.

ఒక్క విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. కావేరి నీళ్లు దాదాపు వంద కిలోమీటర్ల నుంచి, ఐదొందల మీటర్ల ఎత్తుకు పంపులతో ఎక్కొచ్చి, మా కుళాయిలో వారానికి రెండు రోజులు కనిపిస్తాయి. ట్యాంకర్‌వాడు ఫోనెత్తడు. మీరో, అడక్కుండానే కాళ్ల దగ్గరికి వేడివేడి నీళ్లు పంపారు.

మెకానిక్ మీ గురించి విని నవ్వాడు. "బెంగళూరులో హీటర్ ఎందుకు సార్? ఇంజన్ నుంచి వచ్చే పైపూ, తిరిగిపోయే పైపూ కలిపేసి క్లాంప్ వేసేస్తా. బైపాస్. అరగంట పని." ఆ మాటే అనంతపురంలో ఉన్న అమ్మకి ఫోన్లో చెప్పాను, "బైపాస్ చెయ్యాలంటున్నారమ్మా" అని. అవతల నిశ్శబ్దం. "ఎవరికిరా?" అంది చివరికి. హీటర్‌కని చెప్పేలోపు పక్కన నాన్న బస్సు టైములు కనుక్కుంటున్నాడు.

బైపాస్‌కి నేను సిద్ధమే. మా ఆవిడే ఒప్పుకోలేదు. డిసెంబర్లో ఊటీ అనుకున్నాం, అక్కడ తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది. "నాలుగేళ్లు ఊరికే కూర్చోబెట్టి, పని పడేసరికి పీకేస్తారా?" అంది. మీ తరఫున మాట్లాడినట్టుంది గానీ, ఆవిడ చలి ఆవిడది.

సరే, మీ దర్శనానికి బయల్దేరాం. గ్లవ్ బాక్సు, స్టీరియో, గాలి గొట్టాలు, చివరికి డ్యాష్‌బోర్డే ఊడొచ్చింది. బండి కట్టినవాళ్లు ముందు మిమ్మల్ని కూర్చోబెట్టి, మీ చుట్టూ వ్యాను అల్లినట్టున్నారు. దారిలో అద్దం కింద గాలి సందులోంచి జారిపడిన చిల్లరా, ఇంటికప్పు మీదికి విసరాలని దాచి పోగొట్టుకున్న మావాడి పాలపన్నూ దొరికాయి. అన్నిటికన్నా లోపల, పంచాంగం అంత సైజులో, మీరు.

మిమ్మల్ని సంచిలో పెట్టుకుని జేసీ రోడ్డు దగ్గర రేడియేటర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఒక మూతికి బిరడా బిగించి, రెండోదాంట్లోంచి గాలి కొట్టి తొట్టిలో ముంచాడు. అంచు దగ్గర సన్నగా బుడగలు, ముత్యాల దండలా. ఆయన మిమ్మల్ని వంచి, మూతిలోంచి లోపలికి చూసి, తలెత్తి నన్ను చూశాడు.

"బోరు నీళ్లు పోశారా?"

కోపంగా మొదలుపెట్టిన ఉత్తరం ఇది. ఇక్కడ కాస్త గొంతు తగ్గించక తప్పడం లేదు. పోశానండీ. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయాలని తెలిసీ, ట్యాంకులో మట్టం తగ్గినప్పుడల్లా మేడ మీద కుళాయి నీళ్లే మగ్గుతో పోశాను. ఆ నీళ్లు కాస్తే మా ఇంట్లో గిన్నెకే తెల్లటి పెచ్చు కడుతుంది. నీళ్లు ఆపే ట్యాపు లేని హీటర్ మీరు. నాబ్ తిప్పితే గాలి దారి మారుతుందంతే, నేను వాడినా వాడకపోయినా ఇంజన్ నీళ్లు రోజూ మీలోంచే పోతున్నాయి. మీరు ఖాళీగా కూర్చున్నారనుకున్నాను. నాలుగేళ్లూ నా సున్నం తాగుతూ కూర్చున్నారు.

రాగీ ఇత్తడీ ఒళ్లు కాబట్టి బతికారు. అల్యూమినియం అయితే పారేయమనేవాణ్ణని పెద్దాయన అన్నాడు. లోపల కడిగి, అంచుకి సోల్డర్ పెట్టి, మళ్లీ ముంచి చూపించాడు. బుడగ లేదు. రెండు పైపులూ, క్లాంపులూ కొత్తవి వేయించాను. కూలెంట్ కొత్తది పోసి, మీ నాబ్ వేడి వైపు పెట్టి, గాలి బుడగలన్నీ పోయేదాకా ఇంజన్ తిప్పించాం. మే నెలలో, కిటికీలు తెరిచి, చెమటలు కక్కుతూ.

మీ మీద నమ్మకం లేక కాదు గానీ, కార్పెట్ మీద ఒక పాత తువ్వాలు పరిచాను. తెల్లదే పరిచాను, పచ్చచుక్క పడితే కనపడాలని. రోజూ పొద్దున్నే వెళ్లి తడిమి చూస్తున్నాను.

ఇట్లు,
మగ్గు పారేసిన మీ యజమాని