మూడో టేబుల్ నుంచి కేసరికి

ఒరే రవ్వ కేసరీ,

ఉభయ కుశలోపరి. నీ కుశలం నాకు తెలుసు. స్టీలు బేసిన్లో మూత కింద వెచ్చగా ఉన్నావు. నా కుశలం మొన్న ల్యాబ్ వాళ్ళిచ్చిన కాగితంలో ఉంది: పరగడుపున 142.

గాంధీ రోడ్డు పక్క సందులో ఉన్న మన హోటల్‌కి పదకొండేళ్ళుగా వస్తున్నాను. హోటల్ పేరు రాయను, ఎందుకంటే ఇది ఫిర్యాదు.

తిరుపతిలో తీపి అంటే జనానికి గుర్తొచ్చేది నువ్వు కాదు. కొండమీద లడ్డు ఉంది. దానికి పోటు అని సొంత వంటశాల ఉంది, కౌంటర్లున్నాయి, ఈ ఊరి సొత్తని 2009లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. దర్శనం చేసుకుంటే ఒకటి ఊరికే ఇస్తారు, కాకపోతే గంటలకొద్దీ నిలబడాలి. నువ్వూ ఊరికే వస్తావు, దోసె కోసం కాసుకుని కూర్చుంటే. అక్కడితో పోలిక సరి. నిన్ను పెట్టెలో సర్దుకుని ఊరికి తీసుకెళ్ళినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. బెంగళూరు పోతే నీ పక్కన ఖారాబాత్ అనే కారం ఉప్మాను కూర్చోబెట్టి ఇద్దరికీ కలిపి చౌచౌబాత్ అని ఒకే పేరు పెట్టారు. ఉన్న పేరైనా సొంతమా? కేసరమంటే కుంకుమపువ్వు. నీలో ఉన్నది రంగు పొడి.

అయినా నిన్ను తక్కువగా చూడను. ఆ హోటల్ నడిపేది గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన కాదు, నువ్వే.

మొన్న ఆదివారం సంగతే చూడు. నెయ్యి దోసె చెప్పి ఇరవై ఐదు నిమిషాలైంది. చుట్టూ కొండ దిగొచ్చిన గుండ్లు, కొండెక్కబోయే జుట్లు. నా కుర్చీ వెనకాల ఒక కుటుంబం మొత్తం నిలబడి, నేనెప్పుడు లేస్తానా అని చూస్తోంది. కోపం నషాళానికెక్కింది. ఓనరును కడిగేద్దామని సగం లేచానో లేదో, సర్వరు ప్రత్యక్షం.

"ఏం సామీ, లేచేసినావు? కూర్చో సామీ. ఇప్పుడే దించినాము, కొంచెం నోట్లో వేసుకో."

చిన్న గిన్నె ప్లేటులో బోర్లించి, రెండుసార్లు తట్టి తీశాడు. నెత్తిన అర జీడిపప్పు పెట్టుకుని నువ్వు నిక్కి నిలబడ్డావు. చుట్టూ సన్నగా నెయ్యి ఊరుతోంది. చెంచా దించితే వణికావు, ఏలకుల వాసన ముక్కు దాకా వచ్చింది. నేను కూర్చున్నాను. వెనకున్న కుటుంబం నిట్టూర్చింది.

"ఇప్పుడే దించినాము" అన్న మాట ఉదయం ఏడింటికీ విన్నాను, రాత్రి తొమ్మిదిన్నరకీ విన్నాను. పొద్దెక్కేసరికి నువ్వు చల్లారి బిగుసుకుపోతావు కదా. అప్పుడు లోపల వేడినీళ్ళు చిలకరించి, చెంచాడు నెయ్యి పోసి, కలియబెట్టి మళ్ళీ దించుతారు. అబద్ధమని ఎలా అనగలం? దించడం ఇప్పుడే కదా!

ఆ సర్వరుకు నా పేరు తెలీదు. ఈ ఊళ్ళో అందరూ సాములే. కానీ మా అమ్మాయి కుప్పంలో చదువుతోందని తెలుసు. "పాప పరీక్షలు అయిపోయినాయా సామీ?" అని మా బంధువుల కంటే ముందు అడిగింది అతనే. నాకు షుగరని కూడా తెలుసు. అందుకే అడక్కుండానే కాఫీలో చక్కెర తగ్గిస్తాడు. తగ్గించిందంతా నీ రూపంలో ప్లేటులో పెడతాడు. ఇంత ఆప్యాయంగా చంపేవాడి మీద కంప్లయింట్ ఎలా ఇవ్వను, ఎవరికివ్వను?

సాంబారు నీళ్ళలా ఉందని అందామనుకున్న రోజు నువ్వొచ్చావు. ఫ్యాను తిరగట్లేదని అనబోయిన రోజూ నువ్వే వచ్చావు. చెమట తుడుచుకుంటూ తిన్నాను.

ఆదివారం కూడా అంతే. నిన్ను తిన్నాను, ఇంకో గిన్నె అడిగి మరీ తిన్నాను. చేయి కడుక్కుని, బిల్లు కట్టి, సర్వరు చేతిలో ఇరవై పెట్టి, ఓనరుకు నమస్కారం చేసి బయటపడ్డాను. సందు చివరికొచ్చాక గుర్తొచ్చింది, దోసె రానేలేదు. జేబులోంచి బిల్లు తీసి చూశాను. అందులో మాత్రం వచ్చింది.

ఇట్లు,
మూడో టేబుల్ సామి