ఫొటోలో అడుగు చూపించరేం?

ఇంగ్లండ్‌లో పాత చెక్క చిత్రికలు, అదే చెక్క అంచులకు నగిషీ తీసే వడ్రంగి పనిముట్లు, అమ్మేవాళ్లకు ఒక్కటే మనవి: అడుగు ఫొటో పెట్టండి బాబూ! పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, ముందు కొసన తయారీదారు ముద్ర మాత్రం నాలుగు కోణాల్లో. ఆ ముద్రతో నేనేం చేసుకోను? అడుగు వంపూ బ్లేడు వంపూ కలిశాయా లేదా అన్నదే నాకు కావాలి. అడిగితే "మా తాతగారివి, నాకేం తెలీదు" అంటారు. ధర మాత్రం బాగా తెలుసు!

మొన్న వచ్చినదాని అడుగు గుండ్రం. బ్లేడేమో ఎవరో మహానుభావుడు తిన్నగా సానపట్టేశాడు. దాన్ని బిగించే చెక్క తల సుత్తి దెబ్బలకు పగిలిపోయింది. కంటి దగ్గర పెట్టి చూస్తే బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన దాని ఒళ్లు అరటికాయలా వంగి ఉంది. పైన మాత్రం నిగనిగలాడే వార్నిషు!

ఇవి గుంట అడుగుదొకటి, ఉబ్బు అడుగుదొకటి జతగా పనిచేస్తాయి. పూర్తి సెట్టంటే 18 జతలు, సగం సెట్టంటే 9. ఆ జతల్ని విడదీసి షోకేసు బొమ్మలుగా అమ్మేవాళ్లను ఏమనాలి? పైగా పోస్టేజీ దేనికది వేరు!