‘అర్థం కాలేదు’ అని ప్రేక్షకుడు అనలేదు

2014 జనవరి 10న ‘1: నేనొక్కడినే’ విడుదలైనప్పుడు ఏం జరిగిందో అందరికీ తెలుసు. సంక్రాంతికి వచ్చింది, మార్నింగ్ షోకే డివైడ్ టాక్, పండగ వెళ్లేసరికి ఫ్లాప్ ముద్ర. అదే సినిమాని ఇప్పుడు కల్ట్ క్లాసిక్ అంటున్నారు. సుకుమార్ బుర్రని, మహేష్ బాబు ధైర్యాన్ని పొగిడాక ఒక మాట తప్పకుండా జోడిస్తారు: ‘అప్పుడు మనవాళ్లకి అర్థం కాలేదు’ అని. అంటే పొగడ్త సినిమాకి, తిట్టు టికెట్ కొన్నవాడికి. ఈ లెక్క తప్పు.

సినిమా మొదట్లోనే హీరో గౌతమ్ ఒకణ్ని వెంటాడతాడు. తన అమ్మానాన్నల్ని చంపింది వాడేనని కొట్టి చంపేసి, పోలీసులకి లొంగిపోతాడు. ఆ తర్వాత కెమెరాలో రికార్డయిన దృశ్యం చూస్తే గౌతమ్ ఒక్కడే ఉంటాడు. పిడికిలి గాల్లో తిరుగుతుంది, దెబ్బ తినడానికి ఎదురుగా మనిషే లేడు. అంతకుముందు అదే ఫైట్‌కి హాలంతా ఈలలు వేసింది. ఆ ఈలని వెనక్కి లాక్కుని, ‘నువ్వు చూసింది నిజం కాదు’ అని ప్రేక్షకుడి మొహం మీదే చెప్పింది సినిమా. పెద్ద హీరో ఫైట్‌ని అలా వాడుకోవడం తెలుగులో అసాధారణం. హాల్లో కూర్చున్నవాడికి అది అర్థమైంది. శుభ్రంగా అర్థమైంది కాబట్టే మనసు చివుక్కుమంది. పండక్కి ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చినవాడికి పోస్టర్ చెప్పింది ఒకటి, తెర మీద దొరికింది ఇంకొకటి. అడిగింది దొరకలేదని లేచి వెళ్లినవాణ్ని పట్టుకుని తెలివి లేనివాడంటే ఎలా?

అమెరికాలో మిలియన్ డాలర్లు దాటింది కదా, అక్కడివాళ్లకి అర్థమైంది కదా అంటారు. అక్కడ చూసిందెవరు? గుంటూరు, ఖమ్మం, భీమవరం నుంచి వెళ్లిన పిల్లలే కదా! విమానం ఎక్కగానే బుర్ర పెరగదు.

ఇంకో సంగతి కూడా చూడండి. అదే ఏడాది జులైలో వెంకటేష్ ‘దృశ్యం’ వచ్చింది. పాటలకి స్టెప్పులు లేవు, విలన్‌ని చితక్కొట్టడం లేదు. కేబుల్ ఆపరేటర్ రాంబాబు ఒక రోజు జరిగినదాన్ని ఇంకో రోజు జరిగినట్టు ఊళ్లో ప్రతి ఒక్కరి జ్ఞాపకంలోకి ఎక్కిస్తాడు. తేదీలు, బస్సు టికెట్లు, సాక్షుల మాటలు అన్నీ గుర్తుపెట్టుకుంటే తప్ప ఆ కథలో మజా లేదు. మన జనం గుర్తుపెట్టుకున్నారు, హిట్ చేశారు. 2019 ఆగస్టులో ‘రాక్షసుడు’, ‘ఎవరు’ రెండు వారాల తేడాతో వచ్చాయి. రెండూ ఆడాయి. ఒకటి సైకో కిల్లర్ వేట, ఇంకోటి ఎవరు అబద్ధం చెబుతున్నారో చివరిదాకా తేలని కథ. అర్థం కాని జనం ఇన్నిసార్లు ఎలా అర్థం చేసుకున్నట్టు?

‘1: నేనొక్కడినే’లో లోపాలు లేవని కాదు. దాదాపు 170 నిమిషాల నిడివి, కథకి అడ్డం పడే పాటలు, సెకండాఫ్‌లో ఊపిరి తీసుకోనివ్వని చిక్కుముళ్లు. విసుగొచ్చిందన్న విమర్శకుల మాటలో న్యాయం ఉంది. కానీ విసుగొచ్చిందనడం వేరు, జనానికి ఎక్కదని తీర్పివ్వడం వేరు.

ఆ తీర్పుకి భయపడే విడుదలయ్యాక దాదాపు 20 నిమిషాలు కత్తిరించారు. మామూలు సినిమాలో ఒక కామెడీ సీన్ తీసేస్తే పోయేదేం లేదు. గతం ముక్కలు ముక్కలుగా తప్ప గుర్తురాని మనిషి కథలో కత్తెర వేస్తే ప్రేక్షకుడి చేతిలో ఉన్న ఆధారాలే పోతాయి. అర్థం కాలేదంటూ, అర్థం కావడానికి ఉన్న దారినే మూసేశారు.

అసలు జబ్బు మన ట్రేడ్ భాషలో ఉంది. ‘ఎ సెంటర్లలో (అంటే పెద్ద నగరాల్లో) ఆడొచ్చు, బి, సి సెంటర్లలో (చిన్న పట్టణాల్లో, పల్లెల్లో) కష్టం’. దశాబ్దాలుగా రివ్యూల చివర ఈ ముక్క అంటించడం అలవాటైపోయింది. ఊరి జనాభాని బట్టి మనిషి తెలివిని కొలిచే పద్ధతి ఇది. దీనివల్ల నష్టపోయింది ఒక్క సినిమా కాదు. పెద్ద హీరోలు మనసు చెదిరిన మనిషి పాత్ర జోలికి వెళ్లడం మానేశారు. ఆ కథలన్నీ చిన్న బడ్జెట్ల మూలకి చేరాయి. అక్కడి నుంచి పెద్ద తెరకి తిరిగొచ్చేసరికి రూపం మారిపోయింది. 2020లో వచ్చిన ‘హిట్’ సినిమా మొదటి భాగంలో పోలీసు విక్రమ్‌ని వెంటాడే పాత గాయమే కథకి ఆయువుపట్టు. 2025లో నాని చేసిన మూడో భాగానికి వచ్చేసరికి తెర నిండా నెత్తురే. అది బాగా ఆడింది, నిజమే. కానీ నేరస్తుడి మనసులోకి తొంగిచూడటం కన్నా పీక కోయడం చూపించడమే సేఫ్ అని నిర్మాతలకి నేర్పింది ఈ ‘జనానికి ఎక్కదు’ అన్న మాటే.

రివ్యూ రాసేవాళ్లు ఆ చివరి ముక్క ఇప్పటికైనా మానేయాలి. సినిమా మీకు నచ్చిందా, లేదా, ఎందుకు? అది రాయండి. తునిలో ఆడుతుందో లేదో తుని జనం చెబుతారు.